చిన్నదైన కడుపు, మారని విస్తరి

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారిని చూడబోయిన చుట్టాలు మొదట అడిగే మాట "ఎన్ని కిలోలు తగ్గావమ్మా?" అని, ఆ వెంటనే రెండో మాట "అయ్యో, మరీ ఇంతేనా తినడం?" అని. ఈ రెండు ప్రశ్నల నడుమనే తక్కిన జీవితమంతా గడపవలసి ఉంటుందన్న సంగతి, ఆస్పత్రి కాగితాల మీద సంతకం చేసేనాడు ఎవరికి తోస్తుంది చెప్పండి?

స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసివేసి, మిగిలినదానిని సన్నని గొట్టంగా కుట్టివేస్తారు; 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ ప్రారంభించిన బైపాస్‌లోనైతే ఆహారం నడిచే మార్గాన్నే మళ్లిస్తారు. స్లీవ్‌లో తొలగించే జీర్ణాశయపు పైభాగమే ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోనుకు ప్రధాన జన్మస్థానము గనుక, మొదటి నెలలలో చాలామందికి ఆకలి ధ్యాసే ఉండదు. ఆకలి పోయింది సరే, కంటి ఆకలి మాటేమిటి? దానికి కత్తి లేదు గదా.

మొదటి రెండు వారాలూ పప్పుకట్టు తేట, పలుచని మజ్జిగ వంటి ద్రవములే, అవీ గుటక గుటకగా; తరువాత మెత్తగా మెదిపినవి, ఆపైన మెత్తగా ఉడికినవి; రెండు నెలలు కావస్తూండగా మామూలు భోజనం. ఇంతవరకు ఓపిక ఉన్నవారెవరైనా నెగ్గుకువస్తారు. అసలు చిక్కు ఆ మామూలు భోజనంతోనే ఆరంభమవుతుంది. ఏలననగా, అన్నమును నడుమ కుప్పగా పోసి, పప్పూ కూరా దానికి పరివారముగా అమర్చి, పులుసు, చారు, పెరుగు వరుస తప్పకుండా కలుపుకొంటూ, ముద్దముద్దకు నీళ్లు తాగుతూ భుజించడమే తరతరాలుగా మనకు భోజనమైయుండగా, డాక్టరుగారు ఆ క్రమమంతటినీ తలక్రిందులు చేసి, ముందు గుడ్డో చేపో పనీరో తినవలెననీ, రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా మాంసకృత్తులు అందవలెననీ, చోటు మిగిలితేనే అన్నమనీ, తిన్న అరగంట దాకా నీళ్లు ముట్టరాదనీ శాసిస్తారు. ఈ శాసనం రోగికి తెలుసు; వడ్డించే అత్తగారికి తెలియదు. ఆహార నిపుణుల ఎదుట రోగి పక్క కుర్చీలో వంట చేసేవారిని కూర్చోబెట్టాలని నా నిశ్చితాభిప్రాయం.

బైపాస్ చేయించుకున్న మా దూరపు చుట్టం ఒకావిడ గృహప్రవేశానికి వెళితే, కొసరి కొసరి వడ్డించే ఆ ఇల్లాలి మాట తీసివేయలేక మొహమాటానికి రెండు బొబ్బట్లు తిన్నది. కాసేపటికే చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం. తీపి జీర్ణాశయంలో నిలువక ఒక్కసారిగా పేగులోకి జారినందువలన కలిగే ఈ అవస్థను వైద్యులు డంపింగ్ అంటారు. ఆ ఇంటివారు మాత్రం దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తీశారు!

ఇక మూడు నుంచి ఆరు నెలల నడుమ జుట్టు ఊడుతుంది. సాధారణంగా మళ్లీ వస్తుంది, బెంగపడనక్కరలేదు. విటమిన్ బి12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు మాత్రం జీవితాంతం వాడవలసినవే. వాంతులు ఆగకపోతే "అదే తగ్గుతుందిలే" అనుకోరాదు. బి1 లోపించి నరాలు దెబ్బతినే ప్రమాదం కలదు. షుగరు మాత్రల మోతాదును డాక్టరు చేతనే తగ్గింపజేసుకోవలెను. బైపాస్ అయినవారు ఒళ్లునొప్పులకని మందులషాపులో ఐబుప్రొఫెన్ వంటివి కొని మింగితే పుండ్లు పడవచ్చును. పిల్లలు కావాలనుకొనే స్త్రీలు ఏడాది, ఏడాదిన్నర ఆగడం మేలు.

రెండేళ్లు గడిచేసరికి చాలామందికి ఆకలి తిరిగి వస్తుంది, బరువు కొంత పెరగడమూ కద్దు. చికెన్ ముక్కకు అడ్డుచెప్పే ఆ చిన్న కడుపు, ఐస్‌క్రీమునూ కూల్‌డ్రింకునూ నిరాటంకంగా పోనిస్తుంది. సాయంకాలపు మిక్చరు పొట్లం సంగతీ అంతే. నడకా, వ్యాయామమూ, క్రమం తప్పని పరీక్షలూ ఆ దశలోనే అత్యవసరములు. జనం మానివేసేదీ సరిగ్గా అప్పుడే.

కనుక పాఠకులకు నా మనవి ఒక్కటే. అట్టివారు మీ ఇంటికి భోజనానికి వచ్చిన నాడు, చిన్న పళ్లెంలో ఒక గుడ్డూ రెండు చెంచాల పప్పూ పెట్టండి, తీరికగా నమిలి తిననివ్వండి, చాలన్న తరువాత రెండోమాటు అడగకండి.