పాట ఒకరిది, కోడ్ ఒకరిది

నోయిడాలో పుట్టిన పాటల యాప్ గానాలోకి 2018లో చైనా కంపెనీ టెన్సెంట్, టైమ్స్ ఇంటర్నెట్ కలిసి పదకొండున్నర కోట్ల డాలర్లు పోశాయి. అప్పటి లెక్కన 740 కోట్ల రూపాయల పైచిలుకే. అదే యాప్ వ్యాపారం 2023 చివర్లో రేడియో మిర్చి నడిపే ఈఎన్ఐఎల్ చేతికి పాతిక లక్షలకు వెళ్లింది. రెండూ టైమ్స్ కుటుంబానివే కాబట్టి ఒక గదిలోంచి పక్క గదికి మారిందనుకున్నా, ఆ సొమ్ముకు నోయిడాలో చెప్పుకోదగ్గ ఫ్లాట్ కూడా రాదు. మరుసటి ఏడాది ఎయిర్‌టెల్ తన పాటల యాప్ వింక్‌నూ మూసేసి ఆపిల్ మ్యూజిక్‌తో చెయ్యి కలిపింది. తప్పు ప్రోగ్రామర్లది కాదు. వాళ్లు రాసిన కోడ్ కోట్లమందికి పాట వినిపించింది, కానీ పాట మాత్రం వాళ్ల కంపెనీది కాదు. హక్కులున్నవాడిదే పైచెయ్యి. దరియాగంజ్‌లో పళ్లరసం అమ్మిన కుటుంబం నుంచి వచ్చిన గుల్షన్ కుమార్ పెట్టిన పాటల కంపెనీ టీ-సిరీస్ అదే నోయిడాలో నిక్షేపంగా ఉంది. పాత పాటల హక్కులున్న సరేగామా 2019లో ఢిల్లీ హైకోర్టుకెక్కితే స్పాటిఫై దాని పాటల్ని తీసేయాల్సి వచ్చింది. ఏడాది తర్వాత ఒప్పందం కుదిరాకే అవి మళ్లీ వినిపించాయి. కోడ్ రాసేవాళ్లకూ ఒకప్పుడు గిరాకీ ఉండేది. ఢిల్లీ చుట్టుపక్కల ఇదే ఎన్‌సీఆర్‌లో 2021 జులైలో చెల్లింపుల కంపెనీ భారత్‌పే, చేరబోయే ఇంజనీర్లకు బీఎండబ్ల్యూ బైకులు ఎర వేసింది. ఆనాడు ఏ బైకు ఎంచుకోవాలన్నది ముచ్చట. ఈనాడు గురుగ్రామ్ టీ బండి దగ్గర కుర్రాళ్లు కొత్త కొలువు గురించి ముందడిగేది జీతం కాదు, కంపెనీ దగ్గర ఎన్ని నెలలకు సరిపడా డబ్బుందని.