‘డీ’లో పెట్టినా కదలదేం?

లీవరు ‘డీ’లోకి లాగుతారు. బ్రేకు మీది నుంచి కాలు తీస్తారు. కారు కదలదు. ఒక సెకను... రెండు సెకన్లు... అంతలో అడుగున ఎక్కడో ‘దడ్’మని చప్పుడై, వెనక నుంచి ఎవరో తోసినట్టు ముందుకు ఉరుకుతుంది. ఇంకొన్ని కార్లకు ఇంకో జబ్బు. లారీని దాటుదామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ గొంతు చించుకుంటుందే తప్ప బండి వేగం అందుకోదు. పదేళ్లు దాటిన ఆటోమేటిక్ కార్లున్న ఇళ్లలో తరచూ వినిపించే ఫిర్యాదులివి.

చికాకుతో పోయేదైతే ఎలాగో సర్దుకుపోవచ్చు. కానీ ఆటోమేటిక్ కారును ఏరికోరి కొనుక్కునేవాళ్లలో మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేని పెద్దవాళ్లు, కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లు ఎక్కువ. హైవే మీద డివైడర్ సందులో యూటర్న్ తీసుకుంటుండగా కారు రెండు సెకన్లు మొరాయించిందనుకోండి. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎదురొచ్చే బస్సు ఆ రెండు సెకన్లలో 44 మీటర్లు దగ్గరకొచ్చేస్తుంది. అందుకే ‘తర్వాత చూద్దాంలే’ అని వాయిదా వేసే రిపేరు కాదిది.

మరి షెడ్డుకు తీసుకెళితే? చాలాచోట్ల వినిపించే మొదటి మాట: ‘‘గేర్‌బాక్స్ పోయింది సార్, దించాల్సిందే.’’ పాత చిన్న కారైతే ఆ ఖర్చు ఒక్కోసారి కారు అమ్మితే వచ్చే డబ్బుకు దగ్గరగా ఉంటుంది. దాంతో సగంమంది బెదిరిపోయి బండిని అయినకాడికి వదిలించుకుంటారు. మిగతా సగం అప్పోసప్పో చేసి దింపిస్తారు. నిజానికి ఆలస్యానికి కారణం గేర్‌బాక్సు కడుపులోనే ఉందని తేలడానికి ముందు, బయటి నుంచే చూడాల్సినవి బోలెడున్నాయి. వాటిలో కొన్నిటికి పానా కూడా అక్కర్లేదు.

ముందుగా లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య పాదంతో తొక్కే క్లచ్ ఉండదు. దాని స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి తిప్పితే ఆ గాలికి రెండోది తిరుగుతుంది కదా, అలా. కాకపోతే ఇక్కడ గాలికి బదులు ఆయిల్. లోపలి క్లచ్ ప్లేట్లను అదిమిపట్టి గేరు వేసేదీ ఆ ఆయిల్ ఒత్తిడే. మిద్దె మీద ట్యాంకులో నీళ్లు తక్కువైనా, పైపులో చెత్త అడ్డుపడినా, వాషర్ అరిగినా కొళాయి దగ్గర కనిపించేది ఒక్కటే... సన్నటి ధార. గేర్‌బాక్సులోనూ అంతే. ఆయిల్ తగ్గినా, ఫిల్టర్ పూడుకుపోయినా, రబ్బరు సీళ్లు గట్టిపడినా డ్రైవరుకు తెలిసేది ఆలస్యం ఒక్కటే. కొళాయి ధార సన్నబడిందని ఇల్లు పడగొట్టరు కదా!

ఆలస్యాన్ని ‘కొంచెం’, ‘బాగా’ అని చెప్పడం కంటే లెక్కగట్టడం మేలు. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. కారును కాసేపు నడిపి వేడెక్కనివ్వాలి. చదునైన చోట, ముందూ వెనకా మనుషులెవరూ లేకుండా ఆపి, హ్యాండ్ బ్రేకు బిగించి, పాదం బ్రేకు మీదే ఉంచాలి. ఏసీ కట్టేయాలి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా లీవరును ‘ఎన్’ నుంచి ‘డీ’కి మార్చాలి. గేరు పడినట్టు చిన్న కుదుపు తెలిసేదాకా ఎంతసేపు పట్టిందో చూడాలి. నిమిషం చొప్పున విరామమిచ్చి మూడుసార్లు చేసి సగటు తీయాలి. అలాగే ‘ఎన్’ నుంచి ‘ఆర్’కూ. టొయోటా సర్వీసు పుస్తకాలు చాలా మోడళ్లకు చెప్పే లెక్క ఇది: ‘డీ’కి 1.2 సెకన్లు, ‘ఆర్’కు 1.5 సెకన్ల లోపు. రివర్స్ చటుక్కున పడి ‘డీ’ ఒక్కటే ఆలస్యమైతే, ముందుకు నడిపే క్లచ్ దగ్గరే ఏదో ఉంది. రెండూ ఆలస్యమైతే మొత్తంగా ఒత్తిడే తక్కువ. అప్పుడు మొదట చూడాల్సింది ఆయిల్.

ఎప్పుడు ఆలస్యమవుతోందన్నదీ గమనించాలి. పొద్దున్నే మొదటిసారి తీసినప్పుడు మొండికేసి, పది నిమిషాల తర్వాత దారికొస్తే... రాత్రంతా ఆగి ఉన్నప్పుడు కన్వర్టర్‌లోని ఆయిల్ కిందికి దిగిపోయి ఉండొచ్చు. లేదా వయసు మీద పడి గట్టిపడిన సీళ్లు వేడి తగిలాక మెత్తబడి పనిచేస్తుండొచ్చు. ఇందుకు పూర్తి విరుద్ధంగా, చల్లగా ఉన్నప్పుడు బాగుండి శ్రీశైలం ఘాట్ ఎక్కాకో, మే నెల ట్రాఫిక్‌లో గంట నిలబడ్డాకో మొదలైతే అది కాస్త గట్టి హెచ్చరికే. వేడికి పలచబడ్డ ఆయిల్ అరిగిన సందుల్లోంచి జారిపోతోందన్నమాట. ఈ రెంటిలో ఏదో చెప్పకుండా బండిని షెడ్డులో వదిలేసి వస్తే, చల్లారిన కారును మెకానిక్ నడిపి చూసి ‘ఏమీ లేదే’ అంటాడు. అతని తప్పు లేదు.

ఆయిల్ చూడటం తేలికే అనుకుంటారు గానీ, పొరపాట్లు ఎక్కువ జరిగేది ఇక్కడే. ఇంజిన్ ఆయిల్ చూసినట్టు పొద్దున్నే బానెట్ ఎత్తి పుల్ల తీస్తే సరిపోదు. హ్యుందాయ్, టొయోటా పాత మోడళ్లలో చాలావాటికి బండి వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా, బ్రేకు తొక్కి లీవరును అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, ‘పీ’లోనో ‘ఎన్’లోనో ఉంచి చూడాలి. హోండా పాత ఆటోమేటిక్‌లలో అయితే వేడెక్కిన ఇంజిన్‌ను ఆపేసి, 60 నుంచి 90 సెకన్ల మధ్యలో చూడాలి. ఒక పద్ధతి పట్టుకుని రెండో కారుకు వాడితే మట్టం తప్పుగా కనిపిస్తుంది. తక్కువుందని పోసేస్తారు. ఎక్కువైనా చేటే. తిరిగే భాగాలు ఆయిల్‌ను మజ్జిగలా చిలికేస్తాయి. నురగలో గాలి ఉంటుంది కాబట్టి ఒత్తిడి నిలవదు. అంటే, ఆలస్యం తగ్గాలని పోసిన ఆయిలే మళ్లీ ఆలస్యం తెచ్చిపెడుతుంది. అసలు పుల్లే లేని కార్లున్నాయి. వాటికి నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర, కింది నుంచి ప్లగ్గు విప్పి చూడాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు.

పుల్లకు అంటిన చుక్కను తెల్లకాగితం మీద వేసి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. కొత్త ఆటోమేటిక్ ఆయిల్ ఎక్కువగా ఎర్రగా ఉంటుంది (అన్ని రకాలూ కాదు). ఇటుక రంగుకు తిరిగితే మార్చే వేళయింది. నల్లబడి మాడు వాసన కొడితే లోపల క్లచ్ ప్లేట్లు కాలాయని అర్థం. స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా గులాబీ రంగుకు వచ్చిందా, బండిని ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు. చాలా కార్లలో గేరు ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. అది చిల్లుపడితే కూలెంట్ వచ్చి ఆయిల్‌లో కలుస్తుంది. వరదలో మునిగిన కార్లకూ ఇదే గతి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కొనేవాళ్లు సీటు కవర్లూ మ్యూజిక్ సిస్టమూ చూసి మురిసిపోయే ముందు ఆ పుల్లను ఒకసారి తీసి చూస్తే మంచిది.

‘ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు’ అని కొన్ని కంపెనీలు చెప్పాయి. ఎవరి జీవితమో చెప్పలేదు. పెద్దపెద్ద కార్ల కంపెనీలకు గేర్‌బాక్సులు చేసిచ్చే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్లకు లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటోంది. మన ఎండలకూ, అడుగడుగునా ఆగే ట్రాఫిక్‌కూ అంతకంటే ముందే మార్చినా నష్టం లేదు. ‘పాత ఆయిల్ కదిపితే ఉన్న గేర్‌బాక్సూ పోతుంది’ అనే మాట షెడ్లలో బాగా తిరుగుతుంటుంది. అందులో సగమే నిజం. అప్పటికే ప్లేట్లు కాలిపోయిన పెట్టెను కొత్త ఆయిల్ బతికించలేదు. తర్వాత ఎప్పుడో ఆగిపోతే నింద ఆయిల్ మీద పడుతుంది. మాడు వాసన లేకుంటే నిక్షేపంగా మార్చొచ్చు. యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగించడం కన్నా, కింద బోల్టు విప్పి కారినంత తీసి, అంతే కొలతతో కొత్తది పోయడం పాత బండ్లకు క్షేమం. అలా తీస్తే సాధారణంగా సగానికి మించి రాదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. కొన్నివందల కిలోమీటర్లు నడిపి మళ్లీ ఒకటి రెండుసార్లు చేయించాలి. ఏ ఆయిలన్నది ముఖ్యం. హ్యుందాయ్ పాత నాలుగు గేర్ల పెట్టెలకు ఎస్‌పీ-3, హోండా వాటికి జెడ్-1 స్థానంలో వచ్చిన డీడబ్ల్యూ-1... ఇలా దేనిది దానికే. బెల్టుతో నడిచే సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు పట్టు తప్పి, ఉన్న పెట్టె కాస్తా పాడవుతుంది.

ఆయిల్ ప్రభావం ఎంతదాకా వెళుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. ఫోక్స్‌వ్యాగన్ 2013 నవంబరులో ఏడు గేర్ల డీఎస్‌జీ కార్లను ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షలు వెనక్కి పిలిపించి, సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోసి పంపింది. వేడీ ఉక్కపోతా ఉన్నచోట, ఆగుతూ సాగే ప్రయాణాల్లో పాత ఆయిల్ వల్ల లోపలి కరెంటు సరఫరా దెబ్బతినొచ్చని తేలడమే కారణం.

ఆయిల్ బాగానే ఉండి, ‘డీ’ చటుక్కునే పడుతుంటే... అయినా పికప్ లేకపోతే? అప్పుడు అనుమానించాల్సింది ఇంజిన్‌ను. మురికిపట్టిన ఎయిర్ ఫిల్టర్, మసి పేరుకున్న థ్రోటల్ బాడీ, పూడిపోయిన ఫ్యుయల్ ఫిల్టర్, అరిగిన స్పార్క్ ప్లగ్గులు... వీటిలో ఏదున్నా ఇంజిన్‌కు బలం చాలదు. గేరు ఎప్పుడు మార్చాలో కంప్యూటర్‌కు ఒక పట్టాన అంతుపట్టదు. నింద మాత్రం గేర్‌బాక్సుకు. ఇంజిన్ మౌంటింగులు తెగితే గేరు పడినప్పుడల్లా ‘దడ్’మంటుంది. వెనక చక్రాలకు హ్యాండ్ బ్రేకు పట్టేసి ఉన్నా కారు బరువుగా కదులుతుంది. కాసేపు నడిపి ఆపాక ఒక చక్రం దగ్గర చెయ్యిపెడితే (తాకొద్దు) మిగతా వాటికంటే సెగ ఎక్కువ తగులుతుంటే అదే దొంగ. ఇక, ఈమధ్యే బ్యాటరీ మార్చారా? కొన్ని కార్లలో కంప్యూటర్ నేర్చుకున్న అలవాట్లన్నీ అప్పుడు చెరిగిపోతాయి. కొద్దిరోజులు గేర్లు తడబడి వాటంతటవే సర్దుకుంటాయి.

కొన్నిసార్లు ఏదైనా సెన్సర్ తప్పు చెబితే గేర్‌బాక్సు కంప్యూటర్ జాగ్రత్తపడి ఒకే గేరులో, తరచుగా మూడో గేరులో, ఉండిపోతుంది. మాన్యువల్ కారును మూడో గేరులో లాగించినట్టే ఉంటుందప్పుడు. ఆపేసి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు మామూలుగా నడిచిందంటే తప్పు పళ్ల చక్రాల్లో కంటే వైర్లలో ఉండే అవకాశం ఎక్కువ. స్కానర్ పెట్టించాల్సింది ఇలాంటప్పుడే. మన దేశంలో ఓబీడీ-2 పద్ధతి 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. అంతకు ముందువాటిలో కొన్ని చవక స్కానర్లకు పలకవు. పలికినచోట ‘పీ 0700’ అని కనిపించగానే గేర్‌బాక్స్ పోయిందని తీర్పు చెప్పేవాళ్లున్నారు. ఆ కోడ్‌కు అర్థం ‘గేర్‌బాక్సు కంప్యూటర్ దగ్గర ఒక ఫిర్యాదు నమోదైంది’ అని మాత్రమే. ఆ ఫిర్యాదేమిటో లోపలికి వెళ్లి చదవాలి. ‘పీ 0715’ అని ఉంటే లోపలికొచ్చే వేగాన్ని కొలిచే సెన్సర్ లేదా దాని వైరు. గేర్‌బాక్సు ఖర్చుతో పోలిస్తే సెన్సర్ ఖర్చు ఏపాటిది!

2014 ఫిబ్రవరిలో మారుతీ సెలెరియోతో మన దగ్గర మొదలైన ఏఎంటీ కార్ల సంగతి వేరు. వీటిలో టార్క్ కన్వర్టరే లేదు. ఉన్నది మాన్యువల్ గేర్‌బాక్సూ, మామూలు క్లచ్చే. వాటిని తొక్కే పని, మార్చే పని మోటార్లు చేస్తాయి. గేరు మారేటప్పుడు ఓ క్షణం తల ముందుకు ఊగడం వాటి పుట్టు లక్షణం. యాక్సిలరేటర్ కాస్త వదిలితే ఆ ఊగుడు తగ్గుతుంది. ఆ విరామం ఈమధ్య పెరిగితే క్లచ్ ప్లేటు అరుగుదలా, గేరు వేసే యూనిట్‌లో ఆయిల్ మట్టమూ చూపించుకోవాలి. క్లచ్ మార్చాక స్కానర్‌తో కొత్త క్లచ్‌ను కంప్యూటర్‌కు ‘పరిచయం’ చేయించకపోతే పాత తడబాటే కొనసాగుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా ఆలస్యం పోకపోతే పెట్టె విప్పక తప్పదు. అప్పుడైనా ముందు వాల్వ్ బాడీ, సోలనాయిడ్లు చూడమని అడగాలి. చాలా కార్లలో వాటిని గేర్‌బాక్సు దించకుండానే బయటికి తీయొచ్చు. దించితే, కాలిన ప్లేట్లను చూపించమనాలి. కూలర్‌నూ, దాని పైపులనూ కడిగించడం మరవకూడదు. పాత ప్లేట్ల పొడి అక్కడే పేరుకుని ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి బిగిస్తే ఆ పొడంతా కొత్త ప్లేట్లలోకి చేరుతుంది. బిల్లులో ఆ పద్దు ఉందో లేదో చూశాకే డబ్బు చేతిలో పెట్టాలి.