గోడ దాకా గిగాబిట్, గోడ దాటితే గిరగిరా చక్రం

పుదుచ్చేరి పట్టణంలో ఫైబర్ కనెక్షన్ తీసుకోవడం ఇప్పుడు కష్టమైన పని కాదు. ఫోన్ చేస్తే మనిషి వస్తాడు, సన్నటి తీగ లాగి, కింది అంతస్తు హాల్లో టీవీ పక్కన ఒక పెట్టె బిగించి, ఫోనులో వేగం కొలిచి చూపించి వెళ్లిపోతాడు. ఆ పెట్టె ఎదురుగా నిలబడితే చెప్పిన వేగం చెప్పినట్టే వస్తుంది. పై అంతస్తులో చదువుకునే పిల్లకు, మేడ మీది గదిలో అద్దెకు ఉండి ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే మనిషికి మాత్రం తెర మీద గిరగిరా తిరిగే చక్రమే మిగులుతుంది. బిల్లు ఇల్లంతటికీ వస్తుంది, ఇంటర్నెట్ ఒక గదికే వస్తుంది.

దీన్ని గృహస్థుల చిల్లర తలనొప్పిగా కొట్టిపారేయడానికి లేదు. గత కొన్నేళ్లలో ఢిల్లీలో తీసుకున్న టెలికాం నిర్ణయాలు కొన్ని సరిగ్గా ఈ గోడ దగ్గరే ఆగిపోతున్నాయి. 2023 జనవరిలో కేంద్ర టెలికాం శాఖ బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. కానీ కంపెనీ బాధ్యత కనెక్షన్ ఇచ్చిన పెట్టె దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి మంచం దాకా ఉన్న పది పదిహేను మీటర్లకు ఎవరూ జవాబుదారీ కారు.

ఆ పది మీటర్లు ఎంత కష్టమో చూడటానికి పుదుచ్చేరి మంచి ఊరు. ఒకే పట్టణంలో మూడు రకాల ఇళ్లున్నాయి. కాలువకు తూర్పున ఫ్రెంచ్ పేటలో సున్నం, ఇటుకలతో కట్టిన మందపాటి గోడల భవనాలు. పడమర తమిళ పేటలో వీధి అరుగు, లోపల నడిమి వాకిలి చుట్టూ గదులు ఉన్న పాత ఇళ్లు. వీటి మధ్యలోనూ, పట్టణం అంచుల్లోనూ మూడు నాలుగు అంతస్తుల కొత్త కాంక్రీటు ఇళ్లు. వైఫై తరంగానికి ఈ మూడూ మూడు వేరు వేరు ప్రపంచాలు.

పాత మేడల్లో కప్పు చాలాచోట్ల ‘మద్రాస్ టెర్రస్’ పద్ధతిలో ఉంటుంది. చెక్క దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన సున్నపు కాంక్రీటు వేస్తారు. అందులో ఇనుప ఊచల వల ఉండదు కాబట్టి సిగ్నల్ పైకి కొంతవరకు వెళ్తుంది. అడ్డమంతా పక్క గోడలతోనే. అడుగున్నర, రెండడుగుల మందం ఉన్న గోడ, అదీ సముద్రపు గాలికి చెమ్మ పట్టిన గోడ, తరంగాన్ని బాగా పీల్చేస్తుంది. కొత్త ఇళ్లలో లెక్క తిరగబడుతుంది. గదుల మధ్య గోడలు పలచన, కానీ అంతస్తుకూ అంతస్తుకూ మధ్య శ్లాబులో కాంక్రీటు, ఇనుప ఊచలు, పైన గ్రానైటు. ఒక శ్లాబు దాటేసరికి నీరసించిన సిగ్నల్ రెండో శ్లాబు దాటాక పేరుకే మిగులుతుంది. దారిలో ఇనుప బీరువా, నిలువుటద్దం, నీళ్ల ట్యాంకు ఉంటే అదీ పోతుంది.

తమిళ పేట ఇంటికి ఒక అనుకూలత ఉంది. మన మండువా లోగిలిలాంటి ఆ నడిమి వాకిలి ఆకాశానికి తెరుచుకుని ఉంటుంది. రౌటరును వీధి గదిలో మూలన పెట్టకుండా వాకిలి చుట్టూ ఉన్న వసారాలో పెడితే, కింది గదులకూ పై వసారాకూ అడ్డులేని దారి దొరుకుతుంది. అయితే ఈ వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు వాడుకలో మూడే: 1, 6, 11. ఇరుగుపొరుగు పది రౌటర్లు ఆ మూడింటినే పంచుకోవాలి. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే వేగం రాకపోవడానికి తరచూ కారణం ఇదే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువ, రద్దీ తక్కువ, కానీ గోడ దాటే శక్తీ తక్కువే.

ఇక్కడే 6 గిగాహెర్ట్జ్ చర్చ వస్తుంది. 2025 మేలో కేంద్రం 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ వరకు, అంటే 500 మెగాహెర్ట్జ్ మేర, లైసెన్సు లేకుండా వైఫైకి వదిలే ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. అమెరికా 2020లోనే ఈ ప్రాంతంలో 1200 మెగాహెర్ట్జ్ వదిలేసింది. 2021లో యూరప్ దాదాపు మన ముసాయిదాలో ఉన్నంత భాగమే వదిలింది. మనం ఆలస్యం చేశామన్న విమర్శలో న్యాయం ఉంది. కానీ ఆ విమర్శ చేసేవారు పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. ఇంటి లోపల, తక్కువ శక్తితో వాడుకోవడానికే ప్రధానంగా ఉద్దేశించిన బ్యాండు ఇది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడలు దాటడం కష్టమవుతుంది. రౌటరు ఉన్న గదిలో అద్భుతంగా పనిచేసే 6 గిగాహెర్ట్జ్ పక్క గదిలో తగ్గుతుంది, పై అంతస్తుకు దాదాపు చేరదు. అంటే కొత్త స్పెక్ట్రమ్ ఫలితం దక్కాలంటే ప్రతి అంతస్తులో ఒక ప్రసార పెట్టె ఉండాలి, ఆ పెట్టెకు తీగ చేరాలి. స్పెక్ట్రమ్ గాలిలో దొరుకుతుంది, దాన్ని వాడుకోవడానికి గోడలో గొట్టం కావాలి.

ఆ గొట్టం లేకనే జనం దొరికిన చిట్కాల మీద ఆధారపడుతున్నారు. మొదటిది రిపీటరు. ఒకే రేడియోతో అటు వినడం, ఇటు పలకడం రెండూ చేసే చౌక రిపీటరు వేగాన్ని దాదాపు సగానికి కోస్తుంది. పైగా దాన్ని సిగ్నల్ అందని గదిలోనే పెడతారు. తనకే అందనిది అది ఎవరికి అందిస్తుంది? రెండోది మెష్. రెండు మూడు పెట్టెలు ఒకే పేరుతో పనిచేస్తూ, మనిషి మెట్లెక్కుతుంటే ఫోనును ఒకదాని నుంచి మరొకదానికి అప్పగించే పద్ధతి ఇది. మంచిదే, కానీ పెట్టెలు ఒకదానితో ఒకటి గాలిలోనే మాట్లాడుకుంటే వాటికీ అదే శ్లాబు అడ్డం. మూడోది కరెంటు తీగల మీదుగానే డేటా పంపే పరికరాలు. మూడు ఫేజుల ఇంట్లో రెండు గదులు వేర్వేరు ఫేజుల మీద ఉంటే అవి తడబడతాయి.

నమ్మదగిన దారి పాతదే, తీగ. ఒక క్యాట్-6 కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని తరుగు లేకుండా మోస్తుంది. ఎంత పెద్ద ఇంటికైనా అది చాలు. కింది పెట్టె నుంచి ప్రతి అంతస్తుకూ ఒక కేబుల్, దాని చివర ఒక ప్రసార పెట్టె. ఆ కేబుల్ మీదుగానే కరెంటు కూడా పంపే ఏర్పాటు ఉంటే విడిగా ప్లగ్గు కూడా అక్కర్లేదు. కరెంటు తీగల గొట్టంలోనే దీన్ని దూర్చకూడదు, వేరే గొట్టం కావాలి. బయటి గోడ వెంట లాగితే ఎండకు తట్టుకునే తొడుగున్న కేబుల్ వాడాలి, ఉప్పుగాలి తగలకుండా కొసలు మూయాలి.

తీగ లాగలేని ఇంట్లోనూ చేయగలిగింది కొంత ఉంది. మూడంతస్తుల ఇంటికి మొదటి పెట్టె నడిమి అంతస్తులో ఉండాలి. ఫైబర్ బిగించే రోజే ఆ మాట అడగాలి, తర్వాత మార్చాలంటే మళ్లీ తవ్వకమే. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోని మన తెలుగు యానాం వాసులకు దీనికి ఇంకో కారణం కూడా ఉంది. 2022 జులైలో గోదావరి వరద అక్కడి ఇళ్లలోకి వచ్చింది. కింది గదిలో నేలకు దగ్గరగా బిగించిన పెట్టె అలాంటి రోజున, సమాచారం అత్యవసరమైన వేళ, మొదట మునుగుతుంది.

అద్దె ఇళ్లలో ఈ సమస్యకు మరో ముఖం ఉంది. కింద ఉండే యజమాని కనెక్షన్‌నే పైవాళ్లకూ పంచడం మామూలైంది. పైవాళ్లు డబ్బు ఇస్తారు, కానీ ఫిర్యాదు చేసే హక్కు కాగితం మీద వారికి లేదు. ఆ కనెక్షన్ మీద ఎవరు ఏం చేసినా మొదటి ప్రశ్న యజమానికే వస్తుంది. పంచుకోక తప్పనప్పుడు అద్దెవాళ్లకు వేరే పేరుతో, వేరే పాస్‌వర్డుతో అతిథి నెట్‌వర్క్ ఇవ్వడం ఇద్దరికీ రక్షణ.

మరి ప్రభుత్వం ఏం చేస్తోంది? 2024 అక్టోబరులో ట్రాయ్ భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చింది. ఇంటి లోపలి నెట్‌వర్క్ కూడా కొలవదగిన వసతి అని గుర్తించడం మంచి మొదలు. కానీ భవన నిర్వాహకులు తమంతట తాముగా ముందుకొచ్చి స్టార్లు తెచ్చుకునే పద్ధతి అది. ప్రకటనలో వేసుకోవడానికి పెద్ద అపార్టుమెంట్లు, మాల్‌లు వస్తాయి. తండ్రి కింద, కొడుకు పైన, ఆ పైన అద్దెకిచ్చిన మూడంతస్తుల ఇంటి యజమాని ఎందుకు వస్తాడు? మన పట్టణాల్లో అత్యధికం ఇలాంటి ఇళ్లే.

కాబట్టి మీట ఉన్నది ఢిల్లీలో కాదు, ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చే చోట. పుదుచ్చేరి ప్లానింగ్ అథారిటీ కావచ్చు, మన పురపాలక సంఘాలు కావచ్చు, ప్లానులో అంతస్తుకో డేటా గొట్టం, మెట్ల దగ్గర ఒక చిన్న గూడు చూపించాలని ఒక్క నిబంధన పెడితే చాలు. గోడ కట్టేటప్పుడు ఆ గొట్టం ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో లెక్కకు రాదు. కట్టాక అదే పనికి గోడలు చీల్చాలి. ఇంకుడు గుంత కూడా ఒకప్పుడు ఎవరి ఇష్టం వారిదే. ప్లానులో చేరాకే అది ఇంటి భాగమైంది.

వారసత్వ భవనాల్లో ఈ చీల్చే పని మరింత ప్రమాదం. సున్నపు గోడలు ఎంత సున్నితమో 2014 నవంబరులో వానలకు కుప్పకూలిన బీచ్ రోడ్డు మేరీ భవనం చూపించింది. దాన్ని మళ్లీ కట్టడానికి ఏళ్లు పట్టింది. పాత ఇళ్లను హోటళ్లుగా మార్చేవారు గది గదికీ రంధ్రాలు వేయకుండా నడిమి వాకిలి వెంట, దూలాల పక్కగా కేబుల్ నడిపే పద్ధతిని పునరుద్ధరణ మార్గదర్శకాల్లోనే చేర్చడం మేలు.

నీళ్ల పైపు వీధి కుళాయి దాకా వచ్చి ఆగితే ఇంటికి నీళ్లొచ్చాయని ఎవరూ అనరు. ఇంటర్నెట్ విషయంలో మాత్రం గడప దాకా వస్తే చాలని లెక్క రాసుకుంటున్నాం. పై అంతస్తులో పిల్ల పరీక్ష రాసే గది దాకా అందినప్పుడే ఆ లెక్క నిజమవుతుంది.