పిలవని పేరంటానికి తలుపు తీసిందెవరు?

వికారాబాదు, తాండూరు వైపు నుంచి పొద్దున్నే రైలెక్కే పల్లెజనానికి నాంపల్లి స్టేషను, దాని చుట్టుపక్కల వీధులు కొత్త కాదు. కోర్టు వాయిదాకు వచ్చేవారు కొందరు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయానికో, ఇంటర్మీడియట్ బోర్డుకో వచ్చే చదువుకున్న పిల్లలు కొందరు. జనవరిలో నుమాయిష్ చూడవచ్చే కుటుంబాలు కొన్ని. ఈ పనుల జాబితాలో ఇప్పుడు మరొకటి చేరింది. ఫోనుకు జబ్బు చేసిందని ఒకనాటి కూలి మానుకుని, ఛార్జీలు పెట్టుకుని, ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ మెట్లెక్కేవారూ ఉన్నారు.

ఆ ఫోను కింద పడి పగలలేదు. నీళ్లలో తడవలేదు. అయినా గంటకు పదిసార్లు టింగుమని మోగుతుంది. ‘మీ ఫోనులో వైరస్‌లు చేరాయి, వెంటనే శుభ్రం చేయండి’ అని ఒకటి, ‘మీకు బహుమతి వచ్చింది’ అని మరొకటి, ‘ఆధార్ ఉంటే చాలు, అప్పు సిద్ధం’ అని ఇంకొకటి. తాండూరు యార్డులో కందుల ధర చూద్దామని నొక్కితే రమ్మీ ఆట తెరుచుకుంటుంది. అన్నిటికంటె ఘోరం అసభ్య చిత్రాలు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న చోట, కూతురు పాఠం వింటుండగా అలాంటి బొమ్మ తెరమీద పడితే తండ్రి తలెత్తుకోలేడు. తప్పు ఎవరిదో తెలియక ఒకరినొకరు అనుమానించుకుంటారు. ‘నువ్వేం చూశావురా’ అని పిల్లవాడి మీద చేయి చేసుకునే ఇళ్లూ ఉంటాయి. పక్కవాడికి చెప్పుకోలేని జబ్బు కనుకనే ఇది లోలోపల ముదురుతున్నది.

ఒక్క నొక్కుతో వచ్చిన బెడద

ఇది పిలవని పేరంటమని అందరూ అనుకుంటారు. నిజానికి చాలా ఫోన్లలో తలుపు తీసింది యజమాని వేలే. కాకపోతే మోసపోయి తీసింది.

2015 నుంచి క్రోమ్ బ్రౌజరులో ఒక సదుపాయం ఉన్నది. ఏదైనా వెబ్‌సైటు అనుమతి అడిగి, ఆ తరువాత ఆ సైటును తెరవకున్నా ఫోనుకు కబుర్లు పంపవచ్చు. వార్తలు, వాతావరణ హెచ్చరికలు వెంటనే అందడానికి ఇది పనికివస్తుంది. అయితే మంచి నీళ్ల కాలువలోకే మురుగు వదిలేవారు బయలుదేరారు. ‘మీరు మనిషో యంత్రమో తేలాలంటే అలౌ నొక్కండి’, ‘సినిమా చూడాలంటే అలౌ నొక్కండి’ అని వారు తెరమీద రాస్తారు. ఆ నొక్కుకు సినిమాతోగానీ, పరీక్షతోగానీ ఏ సంబంధమూ లేదు. అది కబుర్లు పంపుకోవడానికి ఇచ్చే అనుమతి మాత్రమే. యజమాని రద్దు చేసేదాకా ఆ అనుమతి సాధారణంగా నిలిచే ఉంటుంది.

పల్లె యువకుణ్ని ఆ మాటే పట్టిస్తున్నది. అతని దృష్టిలో నోటిఫికేషన్ అంటే నాంపల్లిలోని కమిషన్ వెలువరించే ఉద్యోగ ప్రకటన. ‘నోటిఫికేషన్ల కోసం అలౌ నొక్కండి’ అని కనబడగానే గ్రూప్ పరీక్షల కబురు తప్పిపోకూడదని ఆశగా నొక్కుతాడు. ఇక ఇంటర్ ఫలితాల రోజు సంగతి వేరే చెప్పనక్కరలేదు. బోర్డు సైటు ఒత్తిడికి నెమ్మదిస్తే, ఆత్రం కొద్దీ కనబడిన ప్రతి లింకూ నొక్కుతారు. వికారాబాదు బస్సని ఎక్కినవాణ్ని డ్రైవరు దారి మళ్లించి ఎరుగని ఊళ్లో దించినట్టు, ఆ లింకు ఒక సైటు నుంచి రెండోదానికి, అక్కడినుంచి మూడోదానికి తిప్పి, చివరకు ఏ జూదం పుటలోనో వదులుతుంది. నుమాయిష్‌లో దుకాణదారు కేకవేసి పిలుస్తాడే తప్ప చేయి పట్టి లాక్కుపోడు. ఇక్కడ ఆ మర్యాద కూడా లేదు.

ఇదంతా ఎవరి కోసం? ప్రకటన కనబడిన ప్రతిసారీ, లింకు మారిన ప్రతిసారీ, యాప్ దింపుకున్న ప్రతిసారీ మధ్యలోని దళారీకి కొంత ముడుతుంది. ఒక్కో నొక్కుకు దక్కేది స్వల్పమే. కాని లక్షల ఫోన్ల మీద ఆ స్వల్పమే గుట్టపడుతుంది.

2019 జూలైలో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన ‘ఏజెంట్ స్మిత్’ ఉదంతం ఇందుకు తార్కాణం. మామూలు ఆటలు, ఫోటోల యాప్‌ల మాటున అది ఫోనులో చేరి, అందులో ఉన్న మంచి యాప్‌లను తీసి అదే రూపంలో నకిలీవి పెట్టి ప్రకటనలు గుప్పించింది. ప్రపంచంలో సుమారు 2.5 కోట్ల ఫోన్లకు అది సోకగా, అందులో 1.5 కోట్లు భారతదేశంలోనివే. అది ప్రధానంగా వ్యాపించింది గూగుల్ ప్లే స్టోర్ నుంచి కాదు, ‘నైన్ యాప్స్’ అనే బయటి అంగడి నుంచి. ఉచితంగా దొరికే సరుకు వెనుక ఎవరు కూర్చున్నారో చూసుకోవాలన్న పాఠం ఆనాడే దొరికింది.

మందు చేతిలోనే ఉన్నది

ఈ జబ్బు రెండు రకాలు. రెండింటినీ వేరుచేసి చూస్తే సగం భయం పోతుంది.

మొదటిది అనుమతి వల్ల వచ్చినది. దీనిలో ఫోను లోపల చెడిపోయినది ఏమీ లేదు. వచ్చిన కబురును తెరవకుండా, దాని మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే అది ఏ సైటు పంపినదో కనబడుతుంది. దానిని ఆపివేసే మీట కూడా అక్కడే ఉంటుంది. లేదా క్రోమ్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో ‘సైట్ సెట్టింగ్స్’కు, అందులో ‘నోటిఫికేషన్స్’కు వెళ్లాలి. అక్కడ అనుమతి పొందిన సైట్ల జాబితా ఉంటుంది. ఎరుగని పేర్లన్నిటినీ తొలగించాలి. అదే చోట ‘పాప్-అప్స్ అండ్ రీడైరెక్ట్స్’ అన్నది మూసి ఉన్నదో లేదో చూసుకోవాలి. టీ తాగినంత సేపట్లో అయ్యే పని ఇది.

రెండవది యాప్ వల్ల వచ్చినది. బ్రౌజరు తెరవకున్నా, ఏ పనీ చేయకున్నా తెరనిండా ప్రకటనలు పడుతుంటే అది ఈ రకమని అనుమానించాలి. బెడద మొదలైన రోజుల్లో ఏ యాప్‌లు ఎక్కించారో గుర్తు చేసుకోవాలి. టార్చిలైటు, బ్యాటరీ ఆదా, ఫోను శుభ్రం చేసేది అన్న పేర్లతో వచ్చేవాటిని ముందు చూడాలి. సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో అక్కరలేనివి తీసివేయాలి. తీయడానికి లొంగకపోతే, దానికి ‘డివైస్ అడ్మిన్’ అధికారం ఇచ్చారేమో చూసి, ముందు అది రద్దు చేయాలి. ఫోను రకాన్ని బట్టి ‘సేఫ్ మోడ్’లో తెరిచి తీయవచ్చు. ప్లే స్టోరులోని ‘ప్లే ప్రొటెక్ట్’ తనిఖీ పైసా ఖర్చు లేనిది. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా కూడా ఉచిత సాధనాలు దొరుకుతాయి.

కాబట్టి చాలా సందర్భాల్లో ఆబిడ్స్ ప్రయాణమే అక్కరలేదు. అక్కడి మరమ్మతు కార్మికులను తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. పగిలిన తెరను, చెడిన బ్యాటరీని బాగుచేయడంలో వారి నేర్పు పేరుపడ్డదే. అయితే ఏ ఊళ్లోనైనా, ఏ దుకాణంలోనైనా ఈ జబ్బుకు తేలికైన వైద్యం ఫోను మొత్తం తుడిచివేయడం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు, నాలుగు చెడ్డ కబుర్ల కోసం పాసుపుస్తకం ఫోటోలు, చనిపోయిన తల్లిదండ్రుల బొమ్మలు, బంధువుల నంబర్లు అన్నీ పోతాయి. తుడిచే ముందు దుకాణదారు ఆ మాట చెప్పాలి. ఫోను ఇచ్చేవారు కూడా ‘ఏమేమి పోతాయి?’ అని అడిగి తీరాలి. పాత ఫోను కొనేవారి సంగతి వేరు. పాత యజమాని సరుకంతా తమ కళ్లముందే తుడిపించి తీసుకోవడం వారికి క్షేమం.

చికాకు దాటితే దోపిడీ

ఈ బెడద చికాకుతో ఆగితే ఇంత రాయనక్కరలేదు. ‘వైరస్ తీసేస్తాం’ అన్న కబురును నమ్మి నొక్కినవాడు మరో యాప్ దింపుకుంటాడు. ఆ యాప్ ఫోనుకు వచ్చే సందేశాలు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చాడంటే బ్యాంకు పంపే రహస్య అంకె దొంగ కంట పడ్డట్టే. పీఎం కిసాన్ సొమ్ము పేరుతో, బండి చలానా పేరుతో వాట్సాప్‌లో తిరుగుతున్న ఏపీకే ఫైళ్ల గురించి పోలీసులు పదేపదే హెచ్చరిస్తూనే ఉన్నారు. ప్రభుత్వం రైతుకు సొమ్ము వేయడానికి వాట్సాప్‌లో యాప్ పంపదు. ఈ ఒక్క మాట గుర్తుంటే ఎన్నో ఖాతాలు నిలుస్తాయి.

సొమ్ము పోయినట్టు తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చేయాలి. పరువు పోతుందని రెండు రోజులు ఆలోచిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు చేతులు మారేలోపే ఆపించగలగాలి.

చట్టం ఉన్నది, చాటింపు లేదు

యజమాని అనుమతి లేకుండా అతని యంత్రంలో చెడు ప్రోగ్రామును చొప్పించడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం తప్పు. మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల మాయదారి పద్ధతులను నిషేధిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. లేని వైరస్‌ను ఉన్నదని భయపెట్టి, దానికి మందని డబ్బు గుంజడం ఆ 13లో ఒకటి. ప్రకటనను వార్తలా వేషం కట్టించి చూపడం మరొకటి. వినియోగదారుల ఫిర్యాదుకు 1915 నంబరు ఉన్నది. ఇన్ని ఉన్నా, వీటి పేరైనా వినని ఊళ్లు ఎన్ని ఉన్నాయో అధికారులు ఒకసారి ఆలోచించాలి.

చేయవలసిన పనులు పెద్దవి కావు. ఫలితాలు వెలువరించే ప్రతిసారీ ఇంటర్ బోర్డు, పబ్లిక్ సర్వీస్ కమిషన్ తమ అసలు చిరునామాను వారం ముందే పత్రికల్లో, కళాశాల గోడల మీద, పంచాయతీ కార్యాలయాల వద్ద పెద్ద అక్షరాలతో పెట్టాలి. ప్రభుత్వ సైటు చిరునామాలో చుక్క జీ-ఓ-వీ చుక్క ఐ-ఎన్ అన్న అక్షరాలు ఉంటాయని, వాటి తరువాత ఏటవాలు గీత తప్ప మరో చుక్కగానీ పేరుగానీ ఉంటే అనుమానించాలని విద్యార్థికి నేర్పాలి. ఎరువుల మోతాదు చెప్పే రైతు వేదికలోనే నెలకొక గంట ఫోను జాగ్రత్తలు చెప్పించాలి. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలున్నారు. వారు పది ఇళ్లకు తిరిగి పది ఫోన్లలో ఆ జాబితా శుభ్రం చేసినా చాలు. తండ్రులు కూడా ఆ బొమ్మ చూసిన వెంటనే పిల్లలను కొట్టే ముందు సెట్టింగ్స్ తెరిచి చూడాలి. పిల్లవాడు తప్పు చేయకుండానే తెర మీద తప్పు కనబడవచ్చునని ఇప్పుడు తెలిసింది కదా.

పొలానికి కంచె వేసిన రైతు గేటుకు గొళ్లెం పెట్టడం మరవడు. చేతిలోని ఫోనుకూ ఆ గొళ్లెం ఉన్నది. అడిగినవాడెవరో తెలియనప్పుడు ‘అలౌ’ బదులు ‘బ్లాక్’ నొక్కడమే ఆ గొళ్లెం. దానిని చూపించే బాధ్యత ప్రభుత్వానిది, వేయవలసిన వేలు యజమానిది.