వాలు తప్పితే భూగర్భ డ్రైనేజీ వృథా
డెల్టా పట్టణాల్లో అసలు చిక్కు నేల మట్టంతోనే

భూగర్భ డ్రైనేజీ కావాలన్నది కృష్ణా డెల్టా పట్టణాల ప్రజల చిరకాల వాంఛ. 2021 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన రెండవ విడత అమృత్ పథకంలో మురుగునీటి పారుదలకు కూడా స్థానం లభించడంతో ఈ కోర్కెకు మళ్లీ బలం చేకూరింది. అయితే ఎన్ని కిలోమీటర్ల పైపు వేశారన్న లెక్క ఒక్కటే చాలదు. ఆ పైపును ఏ వాలులో వేశారన్నది అంతకంటె ముఖ్యం.

మురుగు పైపులో నీటిని నడిపించేది మోటారు కాదు, పల్లం. నీటితోపాటు మలం, ఇసుక, వంటింటి జిడ్డు కూడా కొట్టుకుపోవాలి. వేగం తగ్గిందంటే అవన్నీ అడుగున పేరుకుంటాయి. అందుకే కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2013లో వెలువరించిన మార్గదర్శక గ్రంథం ఒక నియమం విధించింది. పైపు వేసిన తొలినాళ్లలో, ఉదయం వాడకం ఎక్కువగా వుండే వేళకైనా మురుగు సెకనుకు 0.6 మీటరు వేగం అందుకోవాలి. భవిష్యత్తు జనాభాకు ఆ వేగం 0.8 మీటరు వుండాలి. సెకనుకు 3 మీటర్లు దాటితే పైపే అరిగిపోతుంది.

పల్లం లెక్క

200 మిల్లీమీటర్ల పైపు సగం నిండి పారుతున్నప్పుడు 0.6 మీటరు వేగం రావాలంటే సుమారు 300 మీటర్లకు ఒక మీటరు పల్లం అవసరం. కొంత జాగ్రత్త కలుపుకొని 250కి ఒకటి చొప్పున వేస్తే, కిలోమీటరుకు 4 మీటర్లు దిగాలి.

డెల్టా నేలలో అంత పల్లం ఎక్కడిది? విజయవాడ నుంచి బందరుకు దాదాపు 70 కిలోమీటర్లు. అంత దూరంలోనూ నేల దిగేది పాతిక మీటర్లకు మించదు. అంటే పైపు కోరే వాలులో పదవ వంతు కూడా నేల ఇవ్వదు. మీటరు లోతున మొదలైన పైపు కిలోమీటరు దాటేసరికి 5 మీటర్ల లోతుకు చేరుతుంది. కాల్వల కింది ఈ నేలలో కొద్దిగా తవ్వితేనే నీరు ఊరుతుంది. గోతి గోడలకు ఆనుడు కట్టాలి, నీరు తోడుతూనే పనిచేయాలి, పక్క ఇళ్ల పునాదులు కాపాడాలి. అందుకే కొంత దూరానికొక పంపు గది పెట్టి మురుగును పైకెత్తడం తప్పనిసరి అవుతుంది. కరెంటు పోయి, జనరేటరు కూడా లేకపోతే మురుగు వెనక్కి తన్ని పల్లపు ఇళ్ల మరుగుదొడ్లలో పొంగుతుంది. 1908 వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో డ్రైనేజీ ఏర్పడిన హైదరాబాదుకు మూసీ వైపు వాలే నేల సహజంగానే వుంది. ఆ అదృష్టం డెల్టాకు లేదు.

పెద్ద పైపు మందు కాదు

పైపు పెద్దదైతే తక్కువ వాలు చాలునన్న వాదన తరచు వినిపిస్తుంది. ఇది సగం నిజం. 600 మిల్లీమీటర్ల పైపుకు 1,300 మీటర్లకు ఒక మీటరు వాలు చాలు. కాని అది సగం నిండితేనే. అలా నిండాలంటే సెకనుకు 85 లీటర్ల మురుగు రావాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరాలో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందనుకుంటే, దాదాపు 27 వేల మంది ఇళ్లు ఆ పైపుకు కలవాలి. నలభై ఇళ్ల వీధి నుంచి రద్దీవేళ వచ్చేది సెకనుకు ముప్పాతిక లీటరు మాత్రమే. అంత పైపులో ఆ నీరు పలచని పొరలా పారి, మలాన్ని అక్కడే వదిలేస్తుంది. ఇళ్లు తక్కువగా వుండే వీధి మొదట్లో చిన్న పైపు, ఎక్కువ వాలు వుండడమే సరైన పద్ధతి.

జానెడులో సగం తేడా

సాధారణంగా 30 మీటర్లకొక మాన్‌హోల్ వుంటుంది. 250కి ఒకటి వాలులో ఈ దూరానికి పైపు దిగేది 12 సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం. నల్లరేగడి నేల నాలుగు వేళ్లు కుంగినా మధ్యలో మడుగు కడుతుంది. గోతి అడుగు గట్టిచేయకుండా హడావుడిగా మన్ను కప్పితే జరిగేది ఇదే. పూడ్చకముందే లెవెల్ యంత్రంతో కొలిచి, ఒక మాన్‌హోల్‌లో దీపం, రెండవదానిలో అద్దం పెట్టి చూస్తే లోపం బయటపడుతుంది. పూడ్చి రోడ్డు వేశాక సరిచేయాలంటే మళ్లీ తవ్వడమే.

వానకాల్వలను ఈ పైపులకు కలపడం మరో అనర్థం. మొదటి వానకే ఇసుక చేరి పైపు పూడుకుపోతుంది.

మూల్యం చెల్లించేది ఎవరు

నిలిచిన మురుగు కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. అది కాంక్రీటు పైపు పైకప్పును తినివేస్తుంది, మాన్‌హోల్‌లో దిగిన మనిషిని నిమిషాల్లో చంపుతుంది. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మృతుల కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని 2014లో ఆదేశించిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. నష్టపరిహారం పెరిగినంత మాత్రాన పూడిక ఆగదు. డిజైను బల్లపై జరిగిన తప్పుకు పారిశుద్ధ్య కార్మికుడు ప్రాణంతో మూల్యం చెల్లించడం అన్యాయం.

మార్గాలు లేకపోలేదు. పట్టణాన్ని చిన్న భాగాలుగా విడదీసి, దగ్గరలోనే శుద్ధిచేస్తే లోతు తగ్గుతుంది. ఇంటి సెప్టిక్ ట్యాంకులో గట్టి పదార్థం నిలిపి, తేరిన నీటినే సన్నని పైపులకు వదిలితే తక్కువ వాలు సరిపోతుంది. అయితే ట్యాంకుల్లోని మడ్డిని రెండు మూడేళ్లకొకసారి తప్పక తీయించాలి.

టెండరుకు ముందే వీధివీధి మట్టాల పటాన్ని పురపాలక సంఘాలు ప్రజల ముందుంచాలి. గోతులు పూడ్చకముందు వాలు కొలిచి నమోదు చేయాలి. బిల్లు చెల్లింపు పైపు పొడవుతోపాటు ఆ వాలుపై కూడా ఆధారపడాలి. లేనిపక్షంలో కోట్లు భూమిలో కలిసి, మురుగు మాత్రం వీధిలోనే మిగులుతుంది.