తాగుబోతు పేరు వాడకి, డబ్బు ఖజానాకి

"వాళ్ళకి ఎంత ఇచ్చినా ఏం లాభమండీ, పొద్దుగూకేసరికి తాగేస్తారు!"

ఈ మాట వినని మాలపల్లె లేదు, మాదిగ గూడెం లేదు. కూలి రేటు పెంచమంటే ఈ మాట. ఇంటిస్థలం పట్టా అడిగితే ఈ మాట. లోను కాగితం పెడితే బ్యాంకు కుర్చీలో కూచున్నాయన మొహంమీద ఇదే మాట. ఆసామి మేడమీద ఫ్రిజ్జులోంచి సీసా తీస్తే అది పార్టీ. మనోడు చేనుగట్టు మీద క్వార్టరు తాగితే అది కులం బుద్ధి!

అన్నలారా, అక్కలారా! ఈ నిందని మనం ఒప్పుకోం. అట్లాగని వాడలో తాగుడు లేదని అబద్ధమూ ఆడం. ఉంది. డ్వాక్రా వాయిదా డబ్బు పోతోంది, పిల్లాడి ఫీజు పోతోంది, ఆమె చెవి కమ్మలు తాకట్టుకు పోతున్నాయి. రాత్రి తొమ్మిదైతే తలుపు చప్పుడుకి ఉలిక్కిపడి లేచే పిల్లలున్నారు. దెబ్బలకి తాళలేక పక్కింటి అరుగుమీద తెల్లవార్చే ఆడకూతుళ్ళున్నారు. బయటపెడితే ఊరు నవ్వుతుందని మన సంఘాల్లో కొందరు పెద్దలు ఈ సంగతి ఎత్తనివ్వరు. వాడ పరువుని ఆడదాని వీపుమీద నిలబెడతారా? ఆ పరువు మాకొద్దు.

ముందు ఒక లెక్క తేలాలి. ఈ సీసా మన చేతికి ఎట్లా వచ్చింది?

చచ్చింది ఆసామి. డప్పు కొట్టేది మాదిగోడు. చావు కబురు మోసుకుని ఊరూరా తిరిగేది మనోడు, గొయ్యి తవ్వేది మనోడు. కూలి? సారా, గుప్పెడు గింజలు. గొడ్డు చస్తే ఈడ్చినందుకూ సారానే. డబ్బు చేతిలో పెడితే రేపు బేరమాడతాడు, సారా పోస్తే ఎల్లుండి కూడా వస్తాడు. ఇది ఆసాములకి బాగా తెలిసిన లెక్క. పట్టణంలో డ్రైనేజీ గుంతలోకి దిగే మనవాళ్ళని అడగండి, తాగకుండా ఆ కంపులోకి దిగలేం అంటారు. చేత్తో పాకీపని చేయించడం నేరమని, రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దించడం నేరమని 2013లో చట్టం చేశారు. ఇప్పటికీ దించుతున్నారు, మనోళ్ళు చస్తున్నారు. కులం ముందు మనచేత ఆ పని చేయించింది, ఆ పనిని ఓర్చుకోడానికి తాగించింది, తాగావని ఇప్పుడు మననే ఎత్తిపొడుస్తోంది.

ఆ తర్వాత వంతు సర్కారుది. 1980ల్లో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వ సారా పాకెట్లలో పల్లెకొచ్చింది. మంచినీళ్ళ పైపు రాని గూడేనికి సారా పాకెట్టు మాత్రం తప్పకుండా వచ్చింది! దానిమీద తిరగబడింది ఎవరు? నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం చదువులకి కూచున్న కూలి ఆడవాళ్ళు. రోశమ్మ పేరు అందరికీ తెలుసు, పేరు తెలియని వేలమంది దళిత, బహుజన తల్లులు ఆమె పక్కన నడిచారు. 1992లో సారా పాటలు జరక్కుండా అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. 1995 జనవరి 16 నుంచి పూర్తి మద్యనిషేధం వచ్చింది. తెచ్చింది ఎవరయ్యా అంటే, వారుణి వాహిని తెచ్చిన ఎన్‌టీఆరే! 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఖజానా ఖాళీ అయిందన్నారు. సారా మీద నిషేధం ఉంచి బ్రాందీ, విస్కీ తలుపులు తెరిచారు. అంటే ఏమిటి? చవక సీసా పోయి ఖరీదు సీసా వచ్చింది, కూలి మాత్రం అదే.

రాష్ట్రం రెండైంది, సీసా ఒకటే. ఆంధ్రలో దశలవారీ నిషేధం అని ఓట్లడిగిన ప్రభుత్వం 2019 అక్టోబరు నుంచి తానే దుకాణం తెరిచి కౌంటర్లో కూచుంది. దాన్ని దించి వచ్చిన ప్రభుత్వం 2024 అక్టోబరులో దుకాణాలు మళ్ళీ ప్రైవేటోళ్ళకి ఇచ్చింది, 99 రూపాయలకి క్వార్టరు ఇస్తామని గొప్పగా చెప్పింది. 3,396 దుకాణాలకి 89,882 దరఖాస్తులు. దరఖాస్తుకి తిరిగిరాని రెండు లక్షలు. లెక్కేయండి, దాదాపు 1,800 కోట్లు! ఒక్క సీసా మూత తియ్యకముందే వచ్చిన డబ్బు ఇది. ఆ డబ్బు పెట్టినోడు దాన్ని ఎక్కణ్ణుంచి లాగుతాడు? మన గూడెం మలుపులో ఉన్న బెల్టు షాపునించి.

తెలంగాణలో ఇంకో వింత జరిగింది. 2021లో మద్యం దుకాణాల్లో ఎస్సీలకి 10 శాతం రిజర్వేషన్ పెట్టారు. 2,620లో 262 దుకాణాలు మనవట! ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ అడిగితే ప్రతిభ అంటారు, హైకోర్టు జడ్జీల్లో అడిగితే రాజ్యాంగం ఒప్పుకోదంటారు. సారా కొట్లో మాత్రం అడక్కుండానే ఇచ్చారు. దరఖాస్తు ఫీజే అప్పుడు రెండు లక్షలు, 2025లో మూడు లక్షలు చేశారు. మూడు లక్షలు లాటరీలో పోగొట్టుకోగల మాదిగోడు ఏ వాడలో ఉన్నాడో చూపించండి. దరఖాస్తు మీద పేరు మనోడిదైతే, వెనక జేబు ఎవరిది? నిజంగా మనోడిదే అయినా మాకు సంబరం లేదు. మన పిల్లల అన్నం గుంజుకునేవాడు మన కులపోడైతే ఆకలి తగ్గుతుందా?

"మరి అంబేద్కర్ మద్యనిషేధం వద్దన్నారు కదా" అని కొందరు చదువుకున్న తమ్ముళ్ళు అడుగుతున్నారు. నిజమే, దాచాల్సిన పని లేదు. 1951లో షెడ్యూల్డు కులాల సమాఖ్య ఎన్నికల ప్రణాళిక నిషేధాన్ని వ్యతిరేకించింది. దానివల్ల ఇంటింటా దొంగసారా పెరుగుతుందని, సర్కారు ఆదాయం పోతుందని ఆ వాదన. 1995 తర్వాత మన ఊళ్ళల్లో నాటుసారా, పక్క రాష్ట్రాల దొంగసీసాలు చూసినవాళ్ళు ఆ వాదనని కొట్టిపారెయ్యలేరు. అయితే ఆయనే 1927లో మహాడ్‌లో ఆడవాళ్ళతో మాట్లాడుతూ, తాగొచ్చిన మొగుడికీ కొడుక్కీ అన్నం పెట్టొద్దన్నారు. ఆయన తాగుడు ఎరగరు. నిషేధం ఒక్కటే మందని మేమూ అనడం లేదు. తాగుడు మీద వచ్చే డబ్బుతో బతికే సర్కారు తాగుడు మాన్పిస్తుందని నమ్మడం లేదు, అంతే.

ఇక సంఘానికి ఎక్కువగా వచ్చే ప్రశ్న. "మా ఆయన మానతానని ఒట్టేస్తాడు, మానడు. ఏం చెయ్యాలి?" ఈ ప్రశ్న అడిగే అక్కలకి తిట్టు, ఒట్టు, తాయెత్తు తప్ప ఇంకోటి ఎవరూ చెప్పలేదు. తాగుడు ముదిరితే అది రోగం. రోజూ తాగే మనిషి పొద్దున్నే చేతులు వణుకుతుంటే ఆ వణుకు ఆగడానికి తాగుతాడు. అలాంటివాడు ఒక్కసారిగా ఆపితే చెమటలు పడతాయి, నిద్రుండదు, ఒకటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. లేని పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనుషులతో మాట్లాడతాడు. గాలి సోకిందని మనం భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళతాం. ప్రాణం పోయే స్థితి అది! ఆసుపత్రిలో పెట్టి, డాక్టరు చూస్తూ మందులిచ్చి, బి1 విటమిన్ ఇంజెక్షన్లిచ్చి దాటించాలి. దీక్ష పట్టించి ఆ రోజే మాన్పించాలనుకునేవాళ్ళు, ఇంట్లో గడియ పెట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఇంకో సంగతి. మందుల షాపులో తెచ్చి తెలియకుండా కూరలో కలిపే మాత్ర ఒకటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, మనిషే పోవచ్చు. అతనికి చెప్పకుండా, డాక్టరు లేకుండా ఆ పని చెయ్యకండి.

కల్లు అయితే మంచిదే కదా అంటారు. చెట్టు కల్లు వేరు, క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం కలిపిన సీసా కల్లు వేరు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క పిచ్చెక్కినట్టయి హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎట్లా వచ్చారో పేపర్లన్నీ రాశాయి. వాళ్ళంతా ఎవరు? కూలీలు, రిక్షావాళ్ళు, మన బస్తీలవాళ్ళు.

కొట్టడం మాత్రం రోగం కాదు. తాగి కొట్టేవాడు ఎస్సైని కొట్టడం లేదు, ఆసామిని కొట్టడం లేదు, పెళ్ళాన్నే కొడుతున్నాడు. ఎవర్ని కొట్టొచ్చో ఆ మత్తులో కూడా తెలుసు వాడికి. 2005 గృహహింస చట్టం ఉంది, 181కి ఫోను చెయ్యొచ్చు. ఆమె కేసు పెడితే "కులం పరువు తీసింది" అనే కులపెద్ద మన సంఘంలో ఉంటే, ముందు అతన్ని బయటికి పంపాలి.

కార్యకర్తలకీ ఒక మాట. మీటింగుకి జనం రావాలని సీసా పంచే అలవాటు మన జెండాల కిందకి కూడా వచ్చింది. ఏప్రిల్ 14 ఊరేగింపులో డప్పు కొట్టేవాళ్ళకి క్వార్టర్లు ఇస్తున్నాం. ఆసామి శవం ముందు ఇచ్చినదానికీ దీనికీ ఏం తేడా? డప్పు కళాకారుడికి డబ్బివ్వండి, భోజనం పెట్టండి, దండ వెయ్యండి. ఎన్నికలప్పుడు సీసాలు దించే ఆటో వాడలోకి వస్తే అడ్డంపడే బాధ్యత ఆడవాళ్ళమీదే వదలకండి.

ఈ పక్షంలో చెయ్యాల్సిన పని ఇది. వాడ ఆడవాళ్ళు సంతకాలు, వేలిముద్రలు పెట్టి బెల్టు షాపు ఏ ఇంట్లో నడుస్తోందో రాసి ఎక్సైజు స్టేషన్లో ఇవ్వాలి, రసీదు తీసుకోవాలి. రసీదు ఇవ్వకపోతే రిజిస్టరు పోస్టులో పంపాలి. మాన్పించే కేంద్రం దగ్గర్లో ఎక్కడుందో 14446కి ఉచితంగా ఫోను చేసి కనుక్కోవచ్చు. ఏరియా ఆసుపత్రికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మూడు సంగతులు అడగండి. తాగుడు రోగులకి మంచాలెన్ని, మానసిక వైద్యుడు వారానికి ఎన్ని రోజులొస్తాడు, పోయిన ఏడాది ఎంతమందిని చేర్చుకున్నారు. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళకి ఫీజు లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వచ్చిన జవాబుల కాపీలు మాకు పంపండి, ఊరి పేరుతో సహా వేస్తాం.