పిట్టల లెక్క రాసేదెవరు?

ఖైరతాబాద్: ఇంగ్లీషు సాహిత్యం బోధించే పంతులుగారికి పిట్టలతో ఏమి పని అని ఎవరైనా అడగవచ్చును. ఆ ప్రశ్నకు కేరళలో ఒక మనిషి జీవితమే జవాబుగా వున్నది. పాలక్కాడు జిల్లాలో 1923లో పుట్టిన ఆచార్య కె.కె. నీలకంఠన్ కళాశాలల్లో ఇంగ్లీషు సాహిత్యం చెప్పారు. తీరిక దొరికినప్పుడల్లా చెరువుల వెంట, పొలాల వెంట తిరిగి పక్షులను చూశారు. చూసినది 'ఇందుచూడన్' అనే కలం పేరుతో మలయాళంలో రాశారు. 1992లో కన్నుమూశారు.

ఎక్కడో కేరళలోని అధ్యాపకుని సంగతి మన పల్లెలకెందుకు అనుకోనక్కరలేదు. ఆయన చేసిన ఒక గొప్ప పని మన తెలుగునేల మీదనే జరిగింది. 1946లో నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేటి దాపున ఆరేడు వద్ద గూడబాతులు గుంపుగా గూళ్ళు కట్టుకున్న తావును ఆయన చూశారు. సుమారు మూడు వేల గూడబాతులు అక్కడ పిల్లలను చేస్తున్నాయి. ఆ వివరం 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళ పైచిలుకు మాత్రమే.

అటు తరువాత ముప్పయి ఏళ్ళు కూడా గడవలేదు. 1975 ప్రాంతానికి ఆ తావు ఖాళీ అయిపోయింది. మన ఇంటి సొమ్ము పోయిన సంగతి మనకు తెలిసింది ఒకడు ముందుగా లెక్క రాసిపెట్టబట్టే. ఆ కాగితమే లేకపోతే అక్కడ అన్ని పక్షులు వుండేవంటే ముసలివాళ్ళ ముచ్చట అని కొట్టిపారేసేవారు. కొల్లేరు 1999లో అభయారణ్యమయింది. నేడు కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ వారు నీళ్ళలో ఇనుప మంచెలు నిలబెట్టగా వాటి మీద గూడబాతులు గూళ్ళు కడుతున్నాయి. సంతోషించవలసిన విషయమే. కానీ పోయినదేమిటో తెలిసినప్పుడే తిరిగి తెచ్చుకోవాలనే ఆలోచన పుడుతుంది.

నీలకంఠన్ గారి పుస్తకాలు ఒక్క తీరువి కావు. 1958లో వచ్చిన 'కేరళత్తిలె పక్షికళ్' ఆ రాష్ట్రపు పక్షులను గుర్తుపట్టే తీరు చెప్పే పెద్ద గ్రంథం. దానిని అచ్చువేసినది కేరళ సాహిత్య అకాడమీ కావడం గమనార్హం. పిట్టల పుస్తకం కూడా సాహిత్యమేనని వారు ఒప్పుకున్నారన్నమాట. మరొక పుస్తకం పేరు 'పక్షులూ మనుషులూ' అని అర్థమిచ్చేది. ఇంకొకటి గడ్డి మొదలు రాజహంస దాకా అనే అర్థం వచ్చే పేరుతో వెలువడింది. పుస్తకాలతోనే ఆయన ఆగలేదు. సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే విద్యుత్ ప్రాజెక్టు వద్దని సాగిన ఉద్యమంలో ఆయన గొంతు కలిపారు. ఆ అడవి 1984లో జాతీయవనం అయింది.

ఇక మన సంగతి. నిజాం రాజ్యంలోని పక్షులను సలీం అలీ 1931-32లో ఊరూరా తిరిగి పరిశీలించారు. ఆ వివరాలన్నీ ఇంగ్లీషులో అచ్చయినాయి. కచేరీ పని మీద ఖైరతాబాద్‌కో, రైలుకని నాంపల్లికో వచ్చే పల్లె రైతు ఆదివారంనాడు ఆబిడ్స్ దాకా వెళితే కాలిబాట పొడుగునా పాత పుస్తకాలు పరిచి వుంటాయి. వాటి నడుమ రంగు బొమ్మల పక్షుల పుస్తకం కనిపించినా అది ఇంగ్లీషులోనే వుండడం పరిపాటి. బొమ్మను చూసి ఇది మా చేలో తిరిగే జెముడుకాకి కదా అని గుర్తుపట్టగలడు గాని, దాని గురించి ఏమి రాశారో చదువుకోలేడు.

పల్లెవాళ్ళకు పిట్టల గురించి పుస్తకం చెప్పాలా అని కొందరు అనవచ్చు. నిజమే, గిజిగాడు, లకుముకి, పాలపిట్ట, కౌజు అనే పేర్లు పెట్టినది పుస్తకాలు కాదు, పల్లెలే. కానీ ఆ తెలివి పెద్దల నోట వున్నది, కాగితం మీద లేదు. ఆ పెద్దలు పోతే అదీ పోతుంది. పైగా తెలిసినదంతా నిజం కాదు. గుడ్లగూబ అరిస్తే చావు కబురని రాయి విసిరేవారు ఇప్పటికీ వున్నారు. గాదెలో గింజలు తినే ఎలుకలను అది రాత్రంతా వేటాడుతుందని చెప్పేవారు తక్కువ. దసరానాడు పాలపిట్టను చూడడం శుభమే. అందుకోసం దానిని పట్టి బోనులో పెట్టి చూపించి డబ్బులు అడగడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

రైతు కష్టాన్నీ కాదనరాదు. జొన్న కంకి మీద చిలుకల గుంపు, విత్తిన చేలో నెమళ్ళు పడితే నష్టపోయేది ఆయనే. పిట్టలన్నీ మేలే చేస్తాయని రాసే పుస్తకాన్ని రైతు నమ్మడు. ఏది పురుగును తింటుంది, ఏది గింజను తింటుంది, ఏ నెలలో వస్తుంది అని ఉన్నది ఉన్నట్టు రాసినదే ఊళ్ళో నిలుస్తుంది.

దీనికి పెద్ద పథకాలు అక్కరలేదు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతున్నది. ఆ సొమ్ములో కొంత వెచ్చించి మన జిల్లా పిట్టల మీద, బొమ్మలతో, అందరికీ అందే ధరలో తెలుగు పుస్తకం వేయించి ప్రతి ఊరి గ్రంథాలయానికి పంపవలసిన బాధ్యత జిల్లా గ్రంథాలయ సంస్థపై వున్నది. రాయడానికి శాస్త్రజ్ఞుడే కావాలని లేదు. ఇంగ్లీషు సాహిత్యం చెప్పిన మనిషి రాయగలిగినప్పుడు మన ఉన్నత పాఠశాలల తెలుగు పండితులు రాయలేరా? పిల్లల చేత ఊరి చెరువు దగ్గర ఏ నెలలో ఏ పిట్టలు, ఎన్ని కనిపించినవో ఒక నోటుబుక్కులో రాయిస్తే చాలును. పేర్లు చెప్పడానికి గొర్రెల కాపరులు, బెస్తలు వున్నారు.

కొల్లేటి గూడబాతుల లెక్క వేరే రాష్ట్రపు మనిషి రాసిపెట్టాడు. మన ఊరి చెరువు లెక్క మనమే రాసుకోవాలి. రేపు ఆ చెరువు పూడిపోయినా, ప్లాట్లు పడినా, అక్కడ ఏమి వుండేదో చెప్పడానికి ఆ నోటుబుక్కు ఒక్కటే సాక్ష్యంగా నిలబడుతుంది.